కుడి ముంజేతి మీద అన్న చెస్ట్ నంబరు: టాటూ తీయించుకోవడానికి వచ్చిన ఒక యువకుడి కేసు

విశాఖపట్నంలో చర్మవ్యాధుల వైద్యురాలిగా పనిచేస్తున్న నా దగ్గరికి టాటూ తీయించుకోవడానికి వచ్చేవారిలో ఎక్కువమంది 18 నుంచి 22 ఏళ్ల లోపు యువకులు. వారిలోనూ చాలామంది సైన్యంలోనో, కేంద్ర సాయుధ బలగాలలోనో చేరడానికి సిద్ధమవుతున్నవారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో తరతరాలుగా కొడుకులను సైన్యానికి పంపుతున్న ఊళ్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. ఇక్కడ వివరిస్తున్నది అలాంటి ఒక యువకుడి కేసు. చర్మం వరకే చూస్తే ఇది చాలా మామూలు కేసు: ఒకే రంగు ఇంకు, నాలుగు అంకెలు, చిన్న పరిమాణం. అయినా దీన్ని విపులంగా రాయడానికి కారణం ఉంది. ఆ టాటూ ఎవరి కోసం వేయించుకున్నాడో, ఒంటి మీద ఆ చోటనే ఎందుకు వేయించుకున్నాడో తెలిసిన తర్వాత, చికిత్స ఎప్పుడు మొదలుపెట్టాలి, ముందుగా ఎవరెవరితో మాట్లాడాలి, చెరిపేసే ముందు ఏమేమి భద్రపరచాలి అన్న నిర్ణయాలన్నీ మారిపోయాయి. టాటూ వెనుక ఉన్న కథ రోగచరిత్రలో భాగమని, దాన్ని అడగకుండా లేజర్ పట్టుకోకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

రోగి, అతని తల్లిదండ్రులు ఈ వివరాలు రాయడానికి అంగీకరించారు. పేరు, ఊరు, టాటూలోని పూర్తి సంఖ్య ఇవ్వడం లేదు. గుర్తుపట్టడానికి వీలైన మరికొన్ని వివరాలను మార్చాను.

వచ్చిన కారణం

2024 మొదట్లో 19 ఏళ్ల డిగ్రీ విద్యార్థి తండ్రితో కలిసి వచ్చాడు. మాట్లాడినదంతా తండ్రే. ఎన్ని సిట్టింగులు పడతాయి, మొత్తం ఎంతవుతుంది, మచ్చ మిగులుతుందా, అగ్నివీర్ మెడికల్‌కు వెళ్లేలోపు అయిపోతుందా అని ఆయన వరసగా అడిగారు. అబ్బాయి చొక్కా చేతిని మణికట్టు దాకా దించుకుని తల ఊపుతూ కూర్చున్నాడు. చూపించమన్నప్పుడు గుండీ విప్పడానికి కూడా చాలాసేపు తీసుకున్నాడు.

వాళ్ల తొందరకు అర్థం ఉంది. సైన్యంలో చేరేవారికి ముంజేతి లోపలివైపు, అంటే మోచేతి మడత నుంచి మణికట్టు వరకు, అలాగే అరచేతి వెనుకవైపు మాత్రమే శాశ్వత టాటూకు అనుమతి ఉంది. ఆచారంగా పచ్చబొట్టు పొడిపించుకునే గిరిజన తెగల వారికి మినహాయింపు ఉంటుంది. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ వంటి కేంద్ర సాయుధ బలగాలలో నిబంధన ఇంకొంచెం బిగువు. ముంజేతి లోపలివైపు టాటూ ఉంటే అది సెల్యూట్ చేయని ఎడమ చేతి మీదే ఉండాలి, పరిమాణం ఆ భాగంలో నాలుగో వంతుకు మించకూడదు. ఈ అబ్బాయి టాటూ కుడి ముంజేతి బయటివైపు ఉంది. సైన్యం నిబంధన చూసినా, కేంద్ర బలగాల నిబంధన చూసినా అది ఉండకూడని చోటు. అగ్నివీర్‌కు అప్పటి గరిష్ఠ వయసు 21 ఏళ్లు కాబట్టి మా చేతిలో ఉన్న సమయమూ తక్కువే.

పరీక్షలో కనిపించినవి

టాటూ పొడవు దాదాపు అయిదు సెంటీమీటర్లు, ఎత్తు రెండు సెంటీమీటర్ల లోపు. నల్ల ఇంకు, పొర మీద పొర లేదు, మచ్చ కట్టలేదు, వేలితో తడిమితే చర్మం ఎక్కడా ఉబ్బి లేదు. 2023లో, 18 నిండిన తర్వాత, నగరంలోని ఒక స్టూడియోలో కొత్త సూదితో వేయించుకున్నానని చెప్పాడు. జాతరల్లో, బీచ్ పక్కన ఒకే సూదితో పదిమందికి పొడిచే చోట వేయించుకున్నవారు కూడా మా దగ్గరికి వస్తుంటారు కనుక, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్ఐవీ పరీక్షలు అందరికీ చేయిస్తాం. ఇతనికి మూడూ నెగెటివ్.

మామూలుగా స్టూడియోలో అంకెలు వేయించుకుంటే కంప్యూటర్ అక్షరాల్లాగా సమానంగా, అందంగా ఉంటాయి. ఇవి అలా లేవు. లావాటి మార్కర్ పెన్నుతో నిలబడి, హడావుడిగా రాసినట్టున్నాయి. చివర ఉన్న 7కు నడుమన అడ్డగీత ఉంది, దాని కాలు కింద కాస్త అలికినట్టుగా వెడల్పయింది. ఆ అలుకు కూడా సూదితోనే, చాలా శ్రద్ధగా, చుక్కచుక్కగా పొడిచినది. టాటూ వేసినవారి చేయి తప్పి అలా రాలేదు. ఎక్కడో రాసి ఉన్న దాన్ని ఉన్నదున్నట్టు దింపమని అడిగితేనే అలా వస్తుంది.

మరొక సంగతి, అంకెల దిశ. చేయి కిందికి వదిలేసి నిలబడితే ఎదుటివారికి ఆ సంఖ్య తలకిందులుగా కనబడుతుంది. మోచేయి మడిచి చేతిని ఛాతీ ముందుకు తెచ్చుకుంటే, వేయించుకున్నవాడికి అది నిటారుగా కనబడుతుంది. టాటూ కళాకారులు సాధారణంగా ఎదుటివారికి నేరుగా కనబడేలా వేయమనే సలహా ఇస్తారు. అది కాదని తన వైపు తిప్పి వేయించుకున్నవారిని చూసినప్పుడు నేను కాసేపు ఆగి అడుగుతాను, ఎందుకంటే పదిమందికీ చూపించడానికి వేయించుకున్న టాటూకూ, తాను మాత్రమే చదువుకోవడానికి వేయించుకున్న దానికీ తీయించుకునేటప్పుడు కలిగే బాధలో తేడా ఉంటుంది. అయితే కేవలం తెలియక తిప్పి వేయించుకున్నవారూ ఉంటారు కాబట్టి, దిశను చూసి అర్థాన్ని ఊహించడం సరికాదు; అడగాల్సిందే.

తండ్రిని బయట కూర్చోమని కోరి, అబ్బాయినే అడిగాను: "ఇది ఎవరి రాత?"

టాటూ కథ

అది అతని అన్న చెస్ట్ నంబరు. ఆర్మీ ర్యాలీకి వచ్చినవారికి పరుగుకు ముందు ఇచ్చే సంఖ్య. 2021లో అన్న ర్యాలీకి వెళ్లి 1.6 కిలోమీటర్ల పరుగును అయిదున్నర నిమిషాల లోపు పూర్తి చేశాడు. అంటే పరుగుకు ఉన్న 60 మార్కులూ వచ్చినట్టే. తర్వాత మెడికల్ కూడా నెగ్గాడు. రాత పరీక్ష ఒక్కటే మిగిలింది. కోవిడ్ కారణంగా ఆ రాత పరీక్ష వాయిదా మీద వాయిదా పడింది. ఎదురుచూపులోనే, 2022 మొదటి నెలల్లో, జాతీయ రహదారి మీద జరిగిన బైకు ప్రమాదంలో అన్న చనిపోయాడు. అదే ఏడాది జూన్ 14న కేంద్ర ప్రభుత్వం, అగ్నివీర్‌లను చేర్చుకునే అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది, పాత పద్ధతిలో రాత పరీక్ష కోసం ఆగి ఉన్న నియామకాలు రద్దయ్యాయి. "అన్న ఉన్నా ఆ పరీక్ష రాసేవాడు కాదు మేడమ్, అసలు పెట్టనే లేదు" అని అతను అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది.

ర్యాలీ రోజున మైదానం బయట తీసుకున్న ఒక ఫోటో అన్న ఫోన్‌లో మిగిలింది. చెమటతో తడిసిన బనీను, దాని మీద మార్కర్‌తో రాసిన నాలుగు అంకెలు. చెమటకు చివరి అంకె కాలు అలికి ఉంది. టాటూ వేసిన అమ్మాయి ఆ అలుకును సరిచేసి వేస్తానంటే ఇతను ఒప్పుకోలేదు.

పేరు వేయించుకోకుండా నంబరే ఎందుకని అడిగాను. పేరు ఊళ్లో అందరికీ తెలిసినదని, ఇంట్లో ఫోటో కింద, సంవత్సరీకం కార్డు మీద ఉన్నది ఆ పేరేనని, దాన్ని చూస్తే చనిపోయినదే గుర్తుకొస్తుందని, ఈ నంబరు చూస్తే మాత్రం అన్న గెలిచిన రోజు గుర్తుకొస్తుందని చెప్పాడు. ఈ వివరణ నాకు చాలా విలువైనదిగా తోచింది. మరణించినవారి జ్ఞాపకంగా టాటూ వేయించుకునే యువతను గమనిస్తే, మరణ తేదీ కన్నా బతికి ఉన్నప్పటి ఏదో ఒక చిన్న ఆనవాలును, చేతిరాతనో, సంతకాన్నో, వాడిన బండి నంబరునో, ఎంచుకునేవారు తక్కువేమీ కాదు. పోయిన మనిషితో అనుబంధాన్ని తెంచుకోవడమే దుఃఖం నుంచి బయటపడే మార్గమని ఒకప్పుడు మనోవైద్యంలో అనుకునేవారు. 1990ల నుంచి ఆ అవగాహన మారింది. అనుబంధం వేరే రూపంలో కొనసాగడం ఆరోగ్యకరమే కావచ్చునని ఇప్పుడు అంగీకరిస్తున్నారు. ఈ నంబరు అటువంటి కొనసాగింపు.

చోటు విషయానికి వస్తే జవాబు ఇంకా సూటిగా ఉంది. పరుగెత్తేటప్పుడు మోచేయి మడిచి ఊపుతాం కాబట్టి, ప్రతి ఊపులోనూ కుడి ముంజేతి బయటివైపు కంటి కిందికి వచ్చి పోతుంది. మూడో రౌండులో ఆయాసం వచ్చినప్పుడు చూసుకోవడానికి ఆ చోటు ఎంచుకున్నాడు. టాటూ నిబంధనల సంగతి తెలియదా అంటే, స్టూడియోకు వెళ్లే నాటికి తనకు సైన్యం ఆలోచన లేదని, అప్పుడు కాలేజీ తరఫున పరుగు పోటీలకు మాత్రమే సాధన చేసేవాడినని చెప్పాడు. సైన్యం మాట తర్వాత వచ్చింది, ముందు తండ్రి నోట వచ్చింది.

ఆ మాటతో చికిత్సను వెంటనే మొదలుపెట్టకూడదని నిర్ణయించుకున్నాను.

తల్లి మాట

రెండోసారి రమ్మన్నప్పుడు తల్లిని కూడా తీసుకురమ్మన్నాను. ఆమెకు కొడుకు టాటూ తీయించుకుంటున్నాడన్న సంగతి అప్పటికి మూడు రోజుల క్రితమే తెలిసిందట. తండ్రీకొడుకులిద్దరూ ఆమె దగ్గర దాచారు. కారణం ఏమిటో ఆమె మాట్లాడటం మొదలుపెట్టాక తెలిసింది. రోజూ రాత్రి అన్నం పెట్టేటప్పుడు ఆమె చిన్నకొడుకు ముంజేతిని ఒకసారి నిమురుతుంది. ఆ అంకెలు ఆమెకు చదవడం రాదు, కానీ అవి పెద్దకొడుకువని తెలుసు. "ఉన్నదీ అదొక్కటే కదమ్మా. అది కూడా తీసేస్తే నాకింక ఏటి మిగులుతాది?" అని అడిగారు.

ఆమె ముంజేతి మీద కూడా ఒక చిన్న పచ్చబొట్టు ఉంది, చుక్కలతో వేసిన తేలు. చిన్నప్పుడు ఊరికి వచ్చిన ఎరుకల స్త్రీ పొడిచిందని, వాళ్ల అమ్మకు చుబుకం మీద, రెండు చేతుల మీద ఉండేవని చెప్పారు. దీపపు మసి, ఆకు పసరు కలిపి సూదులతో పొడిచే ఆ పని తెలుగు ఊళ్లలో ఎరుకల స్త్రీల వృత్తిగా చాలాకాలం సాగింది. మనిషి పోయేటప్పుడు నగలూ చీరలూ ఇక్కడే ఉండిపోతాయి, వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటేనన్న నమ్మకం ఆ తరం స్త్రీలలో బలంగా ఉంది. కొడుకు స్టూడియోలో వేయించుకున్న టాటూను ఆమె ఆ నమ్మకంతోనే స్వీకరించారు. యువతకు, తల్లిదండ్రులకు మధ్య టాటూ ఎప్పుడూ తగాదాకే దారితీస్తుందన్న అభిప్రాయం మన వైద్యుల్లో ఉంది. ఈ ఇంట్లో మాత్రం తల్లి, కొడుకు ఒక వైపు నిలిచారు, ఉద్యోగం గురించి దిగులుపడే తండ్రి ఒంటరిగా మరో వైపు నిలిచారు. ఆ తండ్రిని కఠినుడిగా చూడటం అన్యాయం. కౌలు వ్యవసాయం చేసే ఆయన ఒక కొడుకు ఉద్యోగం దాకా వచ్చి చేజారడాన్ని చూశారు. రెండో కొడుకు చేతి మీద ఉన్న నాలుగు అంకెలు మళ్లీ అడ్డుపడతాయేమోనని ఆయన భయం.

మానసిక నిపుణురాలి అంచనా

మా ఆసుపత్రిలోని క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి అబ్బాయిని పంపాను. అడిగినవి రెండు ప్రశ్నలు. దుఃఖం చికిత్స అవసరమయ్యే స్థాయిలో ఉందా? టాటూ తీయించుకోవాలన్న నిర్ణయం అతని సొంతమేనా?

దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతను ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 గుర్తించింది, 2022లో అమెరికన్ మనోవైద్య సంఘం కూడా తన వర్గీకరణలో చేర్చింది. మొదటిదాని ప్రకారం మరణం తర్వాత కనీసం ఆరు నెలలు, రెండోదాని ప్రకారం పెద్దవారిలో కనీసం ఏడాది గడిచాక కూడా దైనందిన జీవితాన్ని దెబ్బతీసేంత తీవ్రమైన దుఃఖం ఉంటేనే ఆ నిర్ధారణ చేస్తారు. ఇతను నిద్రపోతున్నాడు, చదువుతున్నాడు, స్నేహితులతో తిరుగుతున్నాడు, పరుగు మానలేదు. ఆ రుగ్మత లేదని ఆమె తేల్చారు.

రెండో ప్రశ్నకు జవాబు తేలిగ్గా దొరకలేదు. ప్రమాదం జరిగిన రాత్రి అన్న బయలుదేరింది ఇతన్ని తీసుకురావడానికే. బస్సు తప్పిపోయిందని ఫోన్ చేసినవాడు ఇతనే. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. తాను మాత్రం మరిచిపోలేదు. మొదట జ్ఞాపకంగా వేయించుకున్న నంబరు, తండ్రి సైన్యం మాట ఎత్తిన తర్వాత, తీర్చవలసిన బాకీగా మారిందని సైకాలజిస్టు తన నివేదికలో రాశారు. టాటూ అర్థం వేయించుకున్న రోజుతో స్థిరపడిపోదని, వేయించుకున్నవారి జీవితం మారుతున్న కొద్దీ అది కూడా మారుతుందని ఈ కేసులో స్పష్టంగా కనిపించింది. అందుకే "ఎందుకు వేయించుకున్నావు" అన్న ప్రశ్న ఒక్కటే చాలదు; "ఇప్పుడు చూస్తే ఏమనిపిస్తోంది" అని కూడా అడగాలి.

ఈ ప్రశ్నల అవసరాన్ని చెప్పడానికి మరో రోగి గురించి క్లుప్తంగా ప్రస్తావించాలి. మణికట్టు మీద చిన్న సెమికోలన్ గుర్తు తీయించుకోవడానికి ఒక విద్యార్థిని వచ్చింది. అమెరికాలో 2013లో ఎమీ బ్లూయెల్ అనే మహిళ మొదలుపెట్టిన ఉద్యమం వల్ల ఆ గుర్తు, ఆత్మహత్య ఆలోచనల నుంచి బయటపడి జీవితాన్ని కొనసాగిస్తున్నామని చెప్పే చిహ్నంగా యువతలో ప్రపంచమంతా వ్యాపించింది. అది తెలియకపోతే ఆ గుర్తు అర సెంటీమీటరు నల్ల ఇంకు మాత్రమే, కొద్ది సిట్టింగుల పని. తెలిసి అడిగాం కాబట్టి, దాన్ని తీయించుకోవాలనుకోవడం కోలుకోవడానికి సూచన కాదని, ఆ ఆలోచనలు మళ్లీ మొదలయ్యాయని బయటపడింది. ఆ రోజు ఆమెకు అవసరమైనది లేజర్ గది కాదు. ఇలాంటి సందర్భాల కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416ను మా టాటూ తొలగింపు అంగీకార పత్రం మీదే ముద్రించి ఉంచాం. రోజంతా, తెలుగులో కూడా, అక్కడ మాట్లాడవచ్చు.

మన కేసుకు వస్తే, సైకాలజిస్టుతో కొన్ని వారాలు మాట్లాడిన తర్వాత, తల్లిదండ్రుల ముందు ఆ ఫోన్ సంగతి అతనే చెప్పాడు. తండ్రి లేచి బయటికి వెళ్లిపోయి చాలాసేపటికి తిరిగొచ్చారు. ఆ తర్వాత ఆయన అన్నది ఇది: "వద్దంటే మానెయ్. డిగ్రీ చదువు. నాకేం పర్లేదు." రెండు నెలలు ఆలోచించుకోమని గడువు ఇచ్చాం. గడువు ముగిశాక అబ్బాయి ఒంటరిగా వచ్చి తీయమన్నాడు. సైన్యంలోకి వెళ్లాలన్నది నీ కోరికా, అన్న కోరికా అని సైకాలజిస్టు అడిగితే, "రెండూ కలిసిపోయాయి మేడమ్, విడదీసి చెప్పలేను. కానీ వెళ్లాలని ఉంది, ఎవరూ నన్ను తొయ్యడం లేదు" అని జవాబిచ్చాడు. ఆమె ఆ జవాబును నిజాయితీ గల అంగీకారంగా పరిగణించారు. నేనూ అలాగే భావించాను.

చికిత్స

మొదలుపెట్టే ముందు మూడు పనులు చేశాం. టాటూను స్కేలు పక్కన పెట్టి, వివిధ కోణాల్లో ఫోటోలు తీశాం. విస్తీర్ణం కొలవడానికి పారదర్శకమైన షీటు పరచి శాశ్వత మార్కర్‌తో గీతలు దింపుతాం. ఈసారి రెండు షీట్లు దింపి ఒకటి తల్లికి ఇచ్చాం. మూడోది అంగీకార వివరణ. దీని మీద కొంచెం ఎక్కువ సమయం గడిపాను.

ఇంకు చర్మం పై పొర కింద, ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది. బయటి పదార్థాలను మింగే మాక్రోఫేజ్ అనే రక్షణ కణాలు అక్కడ ఆ రేణువులను మింగి పట్టుకుని ఉంచుతాయి. ఆ కణాలు చనిపోయినప్పుడు బయటపడిన రంగును వాటి స్థానంలోకి వచ్చిన కొత్త కణాలు మళ్లీ మింగుతాయని 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు ఎలుకల మీద చూపారు. టాటూ ఏళ్ల తరబడి నిలిచి ఉండటానికి కారణం అదే. లేజర్ ఆ రేణువులను పగలగొడుతుంది. చిన్న ముక్కలైన రంగులో కొంత భాగం లింఫ్ నాళాల ద్వారా సాగి దగ్గరలోని లింఫ్ గ్రంథుల్లో, ఈ కేసులో చంకలోని గ్రంథుల్లో, చేరుతుంది. భవిష్యత్తులో ఎప్పుడైనా స్కాన్‌లోనో, బయాప్సీలోనో ఆ గ్రంథులు నల్లగా కనిపిస్తే వైద్యుడు పొరబడకుండా టాటూ సంగతి చెప్పాలని హెచ్చరించడానికే దీన్ని వివరిస్తాం. అబ్బాయి అంతా విని, బయట కూర్చున్న తల్లి దగ్గరికి వెళ్లి, "పూర్తిగా పోదంటమ్మా, కొంత ఒంట్లోనే ఉంటాదంట" అని చెప్పాడు. ఆమె సంతకం పెట్టనక్కర్లేని చోట కూడా వేలిముద్ర వేస్తానన్నారు. నేను జాగ్రత్త కోసం చెప్పిన సమాచారాన్ని ఆమె ఊరటగా తీసుకున్నారు. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి నేను దాన్ని సరిదిద్దలేదు.

సిట్టింగుల సంఖ్యను ముందుగా అంచనా వేయడానికి 2009 నుంచి వాడుకలో ఉన్న కర్బీ-దేశాయ్ కొలమానాన్ని వాడుతాం. చర్మం రంగు, టాటూ ఉన్న చోటు, ఇంకు రంగు, ఇంకు పరిమాణం, మచ్చ, పొరలు అనే ఆరు అంశాలకు మార్కులు వేసి కూడితే సుమారుగా ఎన్ని సిట్టింగులు పడతాయో తెలుస్తుంది. ఇతని మొత్తం పది దాటింది. గుండెకు దూరంగా ఉన్న చోట రంగు నెమ్మదిగా పోతుంది, ముదురు చాయ చర్మం మీద శక్తి తగ్గించి వాడాలి, ఈ రెండే అందుకు ముఖ్య కారణాలు. ఇంకు నలుపొక్కటే కావడం మాత్రం అనుకూలం.

క్యూ-స్విచ్డ్ ఎన్‌డీ యాగ్ లేజర్‌ను 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంలో వాడాం. నలుపుకు, ముదురు చాయ చర్మానికి ఇదే సురక్షితం, ఎందుకంటే చర్మంలోని మెలనిన్ ఈ తరంగదైర్ఘ్యాన్ని తక్కువగా పీల్చుకుంటుంది. ముందు చిన్న చోట పరీక్షించి చూశాం. ప్రతిసారీ గంట ముందు మత్తు క్రీమ్ రాసి, సిట్టింగు తర్వాత తెల్లబడిన చర్మం మామూలు స్థితికి వచ్చేదాకా కూర్చోబెట్టి, లేపనం రాసి పంపేవాళ్లం. సిట్టింగుకూ సిట్టింగుకూ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాల విరామం పాటించాం. త్వరగా అయిపోవాలని ప్రతి నెలా చేయమని అడిగేవారు చాలామంది ఉంటారు. అలా చేస్తే రంగు త్వరగా పోదు, మచ్చ మాత్రం త్వరగా కడుతుంది.

అసలు కష్టం ఎండతో వచ్చింది. రోజూ మైదానంలో పరుగెత్తేవాడి ముంజేయి నల్లబడకుండా ఉంచడం అంత సులువు కాదు. ఎండకు నల్లబడిన చర్మం మీద లేజర్ వేస్తే బొబ్బలు, తెల్ల మచ్చలు వచ్చే అవకాశం పెరుగుతుంది. పూర్తి చేతుల బనీను వేసుకుని తెల్లవారకముందే సాధన ముగించాలని, సన్‌స్క్రీన్ మానవద్దని చెప్పాం. మాట తప్పలేదు. ఒక వేసవిలో మాత్రం పొలం పనిలో తండ్రికి సాయం చేసి చేయి నల్లబడటంతో ఒక సిట్టింగును వాయిదా వేశాం.

మూడో సిట్టింగు తర్వాత అంకెలు బూడిద రంగుకు మారి, రెండు అంకెలు చదవడానికి వీల్లేకుండా పోయాయి. ఆ దశలో అతను సైకాలజిస్టును మళ్లీ కలిశాడు. పూర్తిగా ఉన్నప్పటి కన్నా సగం చెరిగినప్పుడే చూడటం కష్టంగా ఉందని చెప్పాడు. ఇది చాలామంది రోగులు ఎదుర్కొనే దశే. ఆప్తుల గుర్తుగా వేయించుకున్న టాటూ విషయంలో ఈ మధ్యకాలానికి రోగిని ముందే సిద్ధం చేయాలి. వీలైతే కట్టు గానీ, పూర్తి చేతుల చొక్కా గానీ వాడమని సూచించాలి.

ఫలితం, ఆ తర్వాత

ఎనిమిదో సిట్టింగుతో 2025 మధ్యలో చికిత్స ముగించాం. ఇంకు కంటికి కనిపించదు. 7 అడ్డగీత ఉన్న చోట చర్మం చుట్టుపక్కల కన్నా కొంచెం పాలిపోయి ఉంది. ఇది నెలల మీద సర్దుకోవచ్చు, కొంత మిగలవచ్చు కూడా. మచ్చ కట్టలేదు. ఏ పద్ధతిలో, ఎప్పుడెప్పుడు తొలగించామో వివరిస్తూ మెడికల్ బోర్డుకు చూపించుకోవడానికి పత్రం ఇచ్చాం. నిర్ణయం మాత్రం బోర్డుదేనని స్పష్టంగా చెప్పాం.

ఆ ఏడాది అగ్నివీర్ ఆన్‌లైన్ రాత పరీక్ష రాశాడు, ఎంపిక కాలేదు. ఇప్పుడు 23 ఏళ్ల దాకా అవకాశం ఉన్న కేంద్ర బలగాల జీడీ (జనరల్ డ్యూటీ) కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాడు. ఫలితం తెలిసిన వారం తండ్రి ఫోన్ చేసి, తీయించకుండా ఉండాల్సిందా అని నన్ను అడిగారు. ఆ ప్రశ్నను అబ్బాయి ముందు పెట్టాను. దుఃఖం పచ్చిగా ఉన్నప్పుడు తీయించి ఉంటే బాధపడేవాడినని, ఆ ఫోన్ సంగతి ఇంట్లో చెప్పేశాక నంబరు చూసుకోకుండానే పరుగెత్తగలుగుతున్నానని అన్నాడు.

తల్లికి మాత్రం అది తిరిగి కావాలి. ఎడమ ముంజేతి లోపలివైపు, నాలుగో వంతుకు మించకుండా వేయించుకుంటే చోటు, పరిమాణం విషయంలో రెండు రకాల నియామకాలకూ అభ్యంతరం ఉండదని చెప్పాను. అయితే కేంద్ర బలగాల నిబంధన మతచిహ్నాల గురించి, పేర్ల గురించి మాట్లాడుతుంది, సంఖ్యల ప్రస్తావన అందులో లేదు కాబట్టి అన్న పేరైతే మేలని కూడా చెప్పాను. అతను నంబరు తప్ప మరేదీ వద్దన్నాడు. నియామకాల వయసు దాటేదాకా ఆగుతానని, అప్పుడు పాత చోటనే, అదే అలుకుతో వేయించుకుంటానని చెప్పాడు. లేజర్ చేసిన చర్మం మీద మళ్లీ సూది పెట్టాలంటే చాయ పూర్తిగా సర్దుకోవాలి కాబట్టి ఆరు నెలలకొకసారి చూపించుకోమన్నాను. మా దగ్గర ఉన్న రెండో షీటును, కొలతలున్న ఫోటోలను అతని ఫైలులో భద్రపరిచాం. ఎప్పుడు అడిగినా ఇవ్వాలని దాని మీద రాసి ఉంచాం.